అప్‌డేట్‌ మెయిల్‌లో రాదు

‘మీ కంప్యూటర్‌ ప్రమాదంలో ఉంది, వెంటనే ఈ అప్‌డేట్‌ ఇన్‌స్టాల్‌ చేసుకోండి’ అంటూ వచ్చే మెయిళ్ల గురించి నిపుణులు ఇప్పటికీ పాత జాగ్రత్తలే చెబుతున్నారు. అక్షర దోషాలు వెతకండి, లోగో పరిశీలించండి, భాష గమనించండి అంటారు. ఆ సలహాలకు కాలం చెల్లింది. తప్పుల్లేని మెయిల్‌ను కృత్రిమ మేధ క్షణాల్లో రాసిపెడుతోంది. లోగో కాపీ చేయడం ఏనాడూ కష్టం కాదు. కాబట్టి మెయిల్‌ ఎలా ఉందో చూస్తూ కూర్చోవడం దండగ. అసలు అప్‌డేట్‌ మెయిల్‌లో ఎందుకొచ్చిందని అడగాలి.

విండోస్‌ అప్‌డేట్‌ విండోస్‌ సెట్టింగ్స్‌లోనే దొరుకుతుంది. ఫోన్‌ది ఫోన్‌లో, యాప్‌లది ప్లే స్టోర్‌లోనో యాప్‌ స్టోర్‌లోనో ఉంటుంది. క్రోమ్‌ తనంతట తానే అప్‌డేట్‌ అవుతుంది. మైక్రోసాఫ్ట్‌ లోపాలను సరిచేసే ఏ ప్యాచ్‌నూ మెయిల్‌కు అటాచ్‌ చేసి పంపదు. అలాంటి మెయిల్‌ వస్తే పరీక్షించాల్సిన పని లేదు, తీసేయడమే.

ఇది కొత్త మోసమూ కాదు. 2003లోనే స్వెన్‌ అనే వర్మ్‌ (తనంతట తానే వ్యాపించే హానికర ప్రోగ్రామ్‌) మైక్రోసాఫ్ట్‌ సెక్యూరిటీ ప్యాచ్‌ వేషంలో మెయిళ్లలో తిరిగింది. 2019 నవంబరులో బయటపడిన మెయిల్‌నైతే దగ్గరగా చూడాలి. అందులో ఉన్నది విండోస్‌ తాజా అప్‌డేట్‌ వేసుకోమనే ఒక్క వాక్యం, ఒక అటాచ్‌మెంట్‌. ఫైలు పేరు చివర జేపీజీ అని ఉంటుంది, చూస్తే ఫొటో అనుకుంటాం. లోపలున్నది మాత్రం ఒక ప్రోగ్రామ్‌. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే సైబోర్గ్‌ ర్యాన్సమ్‌వేర్‌ను ఇంటర్నెట్‌ నుంచి దించడం దాని పని. 2024 జులై 19న సైబర్‌ భద్రతా సంస్థ క్రౌడ్‌స్ట్రైక్‌ పంపిన లోపభూయిష్ట అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్‌ కంప్యూటర్లు కుప్పకూలితే, ‘ఇదిగో పరిష్కారం’ అంటూ నకిలీ ఫైళ్లు వెంటనే దిగాయి. జనం కంగారులో ఉన్న సమయమే మోసగాడికి అదను.

అలాగని భయపడి అసలు అప్‌డేట్లూ మానేస్తే ఇంకా ముప్పు. 2017 మేలో వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్‌ విరుచుకుపడేనాటికి దాన్ని ఆపే ప్యాచ్‌ వచ్చి రెండు నెలలైంది. ఆటోమేటిక్‌ అప్‌డేట్లు ఆన్‌లో ఉంచుకుంటే ఏ మెయిల్‌నూ నమ్మాల్సిన అవసరమే రాదు.

వాడేవాళ్ల అజాగ్రత్తే ఈ మోసాలకు మూలమని, శిక్షణ ఇస్తే సరిపోతుందని కొందరి వాదన. శిక్షణ మంచిదే. కానీ రోజంతా మెయిళ్లతోనే పనిచేసే ఉద్యోగి ఒక్కసారి ఏమరినా చాలు, ఎన్ని శిక్షణలూ కాపాడలేవు.

పైగా క్లిక్‌ చేయడం మనకు నేర్పిందెవరు? కంపెనీలే. ‘మీ ఖాతా అప్‌డేట్‌ చేసుకోండి’ అని లింకు పంపేది వాళ్లే. ఎవరెవరు క్లిక్‌ చేశారో లెక్కేసుకోవడానికి ఆ లింకును తమ పేరే లేని మరో వెబ్‌ చిరునామా (డొమైన్‌) మీదుగా తిప్పేదీ వాళ్లే. ‘లింకు చూసి నొక్కండి’ అని బోధించి, చూసినా పోల్చుకోలేని లింకులు పంపితే ఆ బోధనకు విలువేముంది? పంపినవారి చిరునామాలో ఎవరి పేరైనా రాసుకునే వీలు మెయిల్‌ వ్యవస్థలో మొదటి నుంచీ ఉంది. దాన్ని అడ్డుకోవడానికే, ఆ చిరునామా అసలుదో కాదో తనిఖీ చేసే డీమార్క్‌ విధానం వచ్చింది. జీమెయిల్‌కు రోజుకు 5 వేలకు పైగా మెయిళ్లు పంపే సంస్థలకు 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్‌ దాన్ని తప్పనిసరి చేసింది. అయితే, నకిలీ అని తేలినా ఏ చర్యా వద్దనే సడలింపు పాలసీ పెట్టుకున్నా చాలంది. తన పేరుతో వచ్చే నకిలీని తిప్పికొట్టమని చెప్పని కంపెనీకి కస్టమర్‌ను తప్పుపట్టే హక్కు లేదు.

అప్‌డేట్‌ గురించి చెప్పాలనుకుంటే మెయిల్‌లో లింకు లేకుండా ‘సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూడండి’ అని రాస్తే చాలు. ఆఫీసుల్లో ఐటీ విభాగాలూ ఇదే పాటించాలి. పొరపాటున ఎవరైనా ఫైలు తెరిస్తే నెట్‌ కనెక్షన్‌ తీసేసి తక్షణం చెప్పాలి, పాస్‌వర్డ్‌లు వేరే పరికరం నుంచి మార్చాలి. నలుగురిలో నిలదీస్తారని, మెమో ఇస్తారని భయపడే ఉద్యోగి ఆ మాట బయటికి చెప్పడు. అతను దాచిన ఆ కొద్ది గంటల్లోనే ర్యాన్సమ్‌వేర్‌ నెట్‌వర్క్‌ అంతా పాకుతుంది.