ఓడను బండి దింపొద్దు

ఏరు దాటాక తెప్ప తగలేసేవాణ్ని లోకం తిట్టిపోసింది. ఏటి ముఖమే చూడకుండా పదేళ్ళపాటు తెప్పకు వార్నిష్ పూసేవాణ్ని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అనకూడదు కూడా. అమెరికాలో పాత మహోగనీ స్పీడ్‌బోట్లను బాగుచేసుకునే పెద్దమనుషుల్లో చాలామంది ఆచరించే ధర్మం ఇదే. పైకి చెప్పుకోవడానికి వాళ్ళకు మొహమాటం, అందుకే మనం చెప్పాల్సి వస్తోంది: చెక్క పడవకు మొదటి శత్రువు నీరు. ట్రైలరెక్కిన ఓడను మళ్ళీ దింపకపోవడమే దానికి మనం చేయగల సేవ.

అసలు తప్పు మూలంలోనే ఉంది. మిషిగన్‌లోని ఆల్గొనాక్‌లో క్రిస్టఫర్ కొలంబస్ స్మిత్ అనే ఆయన (పేరు నిజంగా అదే) క్రిస్‌క్రాఫ్ట్ పడవలు కట్టి, నీళ్ళలో తిప్పుకోమని జనానికి అమ్మాడు. ఆ పడవల అడుగు రెండు పొరలు. లోపల పలచని చెక్క, దానిమీద జిగురు మందు పట్టించిన కాన్వాసు, ఆపైన పొడవాటి పలకలు. నీళ్ళు తాగి పలకలు ఉబ్బితేనే సందులు మూసుకుంటాయి. అంటే దొంగ లోపలికొచ్చాక గడియ పడే తలుపన్నమాట. ఇక ఆ మహోగనీ సంగతి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత వాడినదాంట్లో ఎక్కువభాగం ఫిలిప్పీన్ మహోగనీ. వృక్షశాస్త్రం ప్రకారం అది షోరియా జాతి, ఉత్తరాంధ్ర మన్యంలోని మన గుగ్గిలం చెట్టుకు దాయాది. తాతల నాటి మహోగనీ అని మురిసిపోయేవాళ్ళ దగ్గర ఈ చుట్టరికం ఎత్తకండి.

పడవను నాలుగు వేసవులు షెడ్డులో ఉంచితే పలకలు ఎండి, నాణెం దూరేంత సందులిస్తాయి. శ్రద్ధగల యజమాని వెంటనే వాటిని గట్టి ఎపాక్సీ పుట్టీతో పూడుస్తాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. తర్వాత ఏ దుర్ముహూర్తంలోనో నీళ్ళలో దించితే పలకలు ఉబ్బుతాయి, ఉబ్బడానికి చోటుండదు. ఒకదాన్నొకటి నొక్కుకుని గూనెత్తుతాయి, పక్కటెముకల్లోంచి స్క్రూలను పీకేస్తాయి. సందుల్లో గట్టిపడని మెత్తటి ముద్ద (సీమ్ కాంపౌండ్) పెట్టి ఉంటే పిండుకుని బయటికొచ్చేది, గీకేస్తే సరిపోయేది అంటారు పాత మేస్త్రీలు. మా దృష్టిలో తప్పు పుట్టీది కాదు, నీటిది.

ఇంకొందరు దూరదృష్టిపరులు అడుగంతా ఫైబర్‌గ్లాస్ తాపడం చేయిస్తారు. దాన్ని అంటించే పాలిస్టర్ రెజిన్ ఆ పాత చెక్కను గట్టిగా పట్టుకోదు, పలకలు కదిలిన చోటల్లా లేస్తుంది. పైనుంచి కారిన వాననీరు చెక్కకూ తాపడానికీ మధ్య చేరి బయటికి పోదు. చెక్కలో తేమ ముప్పై శాతం దాటితే బూజుకు పెళ్ళిభోజనం. అయినా బయటికి నున్నగానే కనిపిస్తుంది. కనబడని కుళ్ళు కుళ్ళు కాదన్న సూత్రం మీద ఇంతకన్నా పెద్ద పెద్ద కట్టడాలే నిలబడి ఉన్నాయి, పడవ ఏపాటిది? సన్నటి పోగరతో వెనకచెక్క మూలల్లో, డెక్కు చివర్ల కింద పొడిచి చూడమని ఛాందసులు చెబుతారు. పొడిస్తే దిగుతుంది. అందుకే పొడవకూడదు.

స్క్రూలదీ అదే కథ. పాత ఇత్తడి స్క్రూలోంచి జింకు కరిగిపోతే గులాబిరంగు రాగి మిగులుతుంది, తిప్పగానే తల చేతికొస్తుంది. దాని స్థానంలో సిలికాన్ బ్రాంజ్ (ఒకరకం కంచు) స్క్రూ వేయాలి. మెరుస్తోంది కదా అని స్టెయిన్‌లెస్ వేస్తే, నీటిమట్టానికి దిగువన తడి చెక్కలో గాలి తగలక గుట్టుగా తినేసుకుంటుంది. స్క్రూ తల మీద కొట్టే చెక్క బిరడాకు ఎపాక్సీ కాదు, వార్నిషే జిగురు. మళ్ళీ ఎవరో ఒకరు విప్పాలి కదా. బిరడా నార పలక నార దిశలోనే ఉండాలి. కోసేటప్పుడు ముందు కాస్త ఎత్తులో ఉలి పెట్టి నార ఎటు పోతోందో చూసుకోవాలి. నేరుగా మట్టానికి కోస్తే పలకలోకి విరిగి గుంట పడుతుంది.

ట్రైలర్ మీద వెన్నుదూలానికి సరైన ఆనిక లేకపోతే అడుగు వంగుతుంది. వెనక భాగం లోపలికి గుంటపడితే పరుగులో మూతి నీళ్ళలోకి వంచుతుంది, బయటికి ఉబ్బితే కప్పలా గెంతుతుంది. ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, తేడా కూడా తెలిసిపోతుంది. పరిగెత్తని పడవకు ఈ బెంగ లేదు.

నీళ్ళలో దించే మూర్ఖులూ లేకపోలేదు. వాళ్ళు వారం ముందునుంచే లోపల తడి గోనెపట్టాలు పరుస్తారు. పడవను నీళ్ళతో నింపరు, ఎందుకంటే ఆ అడుగు బయటి ఒత్తిడికి కట్టింది. లోపల 300 లీటర్లు పోస్తే ట్రైలర్ మీద 300 కిలోలు మోయాలి. దించాక ఒకటి నుంచి మూడు రోజులు పట్టీల మీద వేలాడదీసి, రెండు పంపులు పెట్టి, పక్కన కూర్చుంటారు. ఇంజనూ, పంకాను తిప్పే షాఫ్టూ ఒకే వరసలో ఉండేలా నేలమీద సరిచేసినా నీళ్ళలో ఒకరోజు ఉన్నాక మళ్ళీ చూస్తారు, పడవ ఆకారం మారుతుంది కాబట్టి. ఆ రెంటినీ కలిపే నాలుగంగుళాల బిళ్ళకు (ఫ్లాంజి) అంగుళంలో వెయ్యికి నాలుగు వంతులు మించి తేడా ఉండకూడదట. షాఫ్టు పడవలోంచి బయటికెళ్ళే చోట చుక్కలు చుక్కలుగా నీరు కారాలట, పూర్తిగా ఆపితే షాఫ్టు అరుగుతుందట! కారడమే ఆరోగ్యమనే మనుషులతో ఏం వాదిస్తాం?

మన ఊళ్ళలో ఎడ్లబండి చక్రం ఎండి పట్టా వదులైతే చెరువులో నానబెట్టేవాళ్ళు. చెక్క ఉబ్బి పట్టా బిగిసేది. బండికి చెరువు, ఓడకు షెడ్డు.

ఇక వార్నిష్ దగ్గరికి రండి, ఇది నిష్ఠ. ముందు నారసందులు పూడ్చే రంగు మందు పూసి, మెరుపు తగ్గగానే గోనెగుడ్డతో నారకు అడ్డంగా తుడవాలి. తొందరపడితే సందుల్లోంచి ఊడొస్తుంది, ఆలస్యమైతే రాయవుతుంది. తొలి పూత సగానికి సగం పల్చన చేసి, ఆపైన పన్నెండు పూతలు. మధ్యలో 220, తర్వాత 320 నంబరు గరుకు కాగితంతో రుద్దడం. దుమ్ము లేవకుండా నేల తడపడం. మంచు పడేలోపు, మధ్యాహ్నానికే పని ఆపడం. ఎండ తగిలితే ఏటా మరో రెండు పూతలు. ఎండ తగలనివ్వకపోతే ఒక్కటే, అదీ మనశ్శాంతికి. పూసేముందు డబ్బా కుదపకండి. బుడగలొస్తాయి.