ఒక ఘడియ సెషన్

మా మామగారు తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. వీధి చివర మురుగు కాలువ మూడు నెలలుగా పొంగుతోందని, ఆదివారం పొద్దున్నే ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టడానికి నా ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. నాలుగు ముక్కలు రాస్తే చాలు. ఆయన మాత్రం "మహారాజశ్రీ కమిషనరుగారి దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టారు.

ఆయన టైపింగుకి కుడిచేతి చూపుడువేలు ఒక్కటే దిక్కు. 'దుర్గంధభూయిష్టము' అన్న ఒక్క మాటకే ఒక కాఫీ అయిపోయింది. మధ్యలో పాలవాడి లెక్క చూసి, దోమల మీద ఒక పేరా పెంచి, గంట తర్వాత దర్జాగా బటన్ నొక్కారు.

'మీ సెషన్ ముగిసింది. మళ్ళీ లాగిన్ అవ్వండి.'

ఓటీపీ కొట్టి మళ్ళీ లోపలికెళ్తే మొదటి పేజీకి తీసుకెళ్ళింది. వెతుక్కుంటూ ఫారం దగ్గరకొస్తే డబ్బా ఖాళీ. లోపల లేత బూడిదరంగులో 'ఇక్కడ రాయండి' అని ఉంది.

"అల్లుడుగారూ, రాశాను కదండీ!"

"నాన్నగారికి చెప్పండి, మీరు చేసేది ఈ పనేగా" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

"వెబ్‌కి మతిమరుపు మామయ్యగారూ. ఒక పేజీ ఇవ్వగానే మనమెవరో మర్చిపోతుంది. అందుకని లాగిన్ అయినప్పుడు, గుడి దగ్గర చెప్పుల స్టాండులో ఇచ్చినట్టు, ఒక టోకెన్ ఇస్తారు. దాన్ని కుకీ అంటారు. కాసేపు మన అలికిడి లేకపోతే ఆ టోకెన్ చెల్లదు."

"అలికిడి లేకపోవడమేమిటి? గంటసేపు టకటకా కొడుతూనే ఉన్నానుగా!"

"మీరు కొట్టేది ఇక్కడే ఉంటుందండీ. బటన్ నొక్కేదాకా అక్కడి సర్వర్‌కి తెలియదు."

"సరే, టోకెన్ చెల్లదు. అందుకని చేతిలో ప్రసాదం కూడా లాగేసుకోవాలా?"

నెట్ సెంటర్లో ఎవరైనా లాగిన్ అయ్యి వదిలేసి వెళ్ళిపోతే ప్రమాదమని, అందుకే గడువు పెడతారని చెప్పబోయాను. ఆయన ప్రశ్నకి అది జవాబు కాదని నాకే తెలిసిపోయింది.

"అసలు ఎంతసేపు ఇస్తారు?"

"సైటు కట్టినవాడి ఇష్టం. సైట్లు కట్టడానికి వాడే పీహెచ్‌పీ అనే భాషలో మనం మార్చకపోతే 1440 సెకన్లు. ఆ తర్వాత చెత్త కింద లెక్క."

మామగారు పెదవులు కదుపుతూ లెక్కేశారు. ముఖం వెలిగిపోయింది. "24 నిమిషాలు! సరిగ్గా ఒక ఘడియ! పంచాంగం తెలిసినవాడే పెట్టుంటాడండీ." కాదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

"మరి మీరు కట్టేవాటిలో?"

"15 నిమిషాలండీ."

"అయిపోతోందని ముందు చెబుతారా?"

నేను ఫ్యాన్ వైపు చూశాను. గడువుకి ముందే హెచ్చరించాలి, రాసింది బ్రౌజర్లో దాచాలి, లాగిన్ కాగానే అదే పేజీకి తేవాలి అనే పని రెండు నెలలుగా నా పేరు మీదే పడి ఉంది. పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లైనా ఇవ్వాలని వెబ్‌సైట్లు అందరూ వాడుకునేలా ఉండాలనే డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు చెబుతాయి. కళ్ళజోడు నెత్తి మీదే ఉందని మామగారికి గుర్తు రావడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది.

ముందు నోట్‌ప్యాడ్‌లో రాసుకోమన్నాను. "చిత్తుప్రతి రాసే అలవాటు నాకు లేదండీ" అన్నారు.

అందుకని ఈసారి పకడ్బందీగా ఏర్పాటు చేశాను. అదే సైటుని పక్క ట్యాబ్‌లో కూడా తెరిచి, పది నిమిషాలకోసారి వచ్చి అక్కడ ఏదో ఒక లింకు నొక్కే డ్యూటీ మా ఎనిమిదేళ్ళ వాడికి వేశాను. రెండు ట్యాబులకీ టోకెన్ ఒకటే కాబట్టి సర్వర్‌కి అలికిడి వినిపిస్తూ ఉంటుంది. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

వాడు టంచనుగా వచ్చాడు, నొక్కాడు. ఐదుసార్లు. దోమల పేరా మొదటిసారికంటే బాగా కుదిరింది. మామగారు 'చిత్తగించవలెను' దగ్గర చుక్క పెట్టి, ఒళ్ళు విరుచుకుని, బటన్ నొక్కారు.

'మీ సెషన్ ముగిసింది.'

"ఏరా, చివరిసారి ఏది నొక్కావు?"

"ప్రతిసారీ అదే నొక్కితే బోరు కదా నాన్నా. పైన ఎర్రగా ఇంకోటుంటే అది నొక్కా. లాగౌట్ అని ఉంది."

మామగారు ఒక్క మాట అనలేదు. లేచి గోడ మీది క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు సరిచేసుకుని, ఆదివారం గడిలో వేలు పెట్టి చూశారు.

"వర్జ్యం 11-40 దాకా ఉందండీ" అన్నారు.