సవరణ: 'వీర్ జారా' పాటలు రీమిక్సులు కావు

హిందీ సినిమా 'వీర్ జారా' గురించి పోయిన వారం పెట్టిన పోస్టులో 'వీర్ జారాలో మదన్ మోహన్ పాత పాటలు' అని ఉంది. 'మదన్ మోహన్ వాడకుండా మిగిల్చిన బాణీలు' అని సరిచేసి చదువుకోండి. ఆ పోస్టు చూసి పర్లాకిమిడి నుంచి ఒక పెద్దాయన, "ఏ సినిమా పాటలకి రీమిక్స్ బాబూ?" అని అడిగారు. ఏ సినిమావీ కావండీ.

హిందీ సంగీత దర్శకుడు మదన్ మోహన్ 1975లోనే పోయారు. సినిమా వచ్చింది 2004లో. ఆయన టేపుల్లో ఉండిపోయిన బాణీలను కొడుకు సంజీవ్ కోహ్లీ ఆ సినిమా దర్శకుడు యశ్ చోప్రాకు వినిపించారు. వాటికి జావేద్ అఖ్తర్ కొత్తగా సాహిత్యం రాశారు, వాద్యాలన్నీ కొత్తగా రికార్డయ్యాయి. మదన్ మోహన్‌ని అన్నయ్యగా చూసుకున్న లతా మంగేష్కర్, డెబ్బై దాటిన వయసులో ఆ బాణీలు పాడారు. 'తేరే లియే'లో ఆవిడ గొంతు కాస్త సన్నబడిందని తెలుస్తుంది. నాకైతే ఆ పాటకి అదే అందం.

రీమిక్స్ అంటే జనం ఎప్పుడో విన్న పాట. ఇవి ఇంట్లోవాళ్లు తప్ప దాదాపు ఎవరూ విననివి.

ఈ ఆదివారం బరంపురంలో మన ఆర్కెస్ట్రావాళ్లు 'తేరే లియే' పాడుతున్నారు. అనౌన్స్‌మెంట్ తెలుగులో చేసినా, ఒడియాలో చేసినా తండ్రీకొడుకులిద్దరి పేర్లూ చెప్పండి. బాణీ మదన్ మోహన్‌ది, పునఃసృష్టి సంజీవ్ కోహ్లీది.