వ్యుత్క్రమ జాలకం గారికి, తిరుపతి నుంచి

అయ్యా (లేక అమ్మా),

మీరెవరో ఇంకా తేలలేదు, అందుకే రెండూ రాశాను. క్లాసులో మిమ్మల్ని రెసిప్రోకల్ లాటిస్ అంటారు: స్ఫటికంలోని ఒక్కో తలాల వరుసకు ఒక్కో చుక్క పెట్టి గీసే లెక్కల బొమ్మ. నేను తిరుపతిలో ఎమ్మెస్సీ ఫిజిక్స్. పోయిన వైవాలో "అది ఎక్కడుంటుంది?" అన్నారు. "కె-స్పేస్‌లో సార్, తరంగాల లెక్కలు గీసే ఊహాలోకంలో." "కె-స్పేస్ ఎక్కడుంటుంది?" "బోర్డు మీద సార్." నా మార్కులూ అక్కడే ఉండిపోయాయి.

ఇల్లూ వాకిలీ లేని మీకు ఇంత పెత్తనం ఏమిటండీ? పరమాణువులు నిజంగా ఉన్నాయి, నాలుక మీద వేసుకుంటే ఉప్పగా కూడా ఉన్నాయి. అయినా ఎక్స్-రే వేస్తే ముందు హాజరయ్యేది మీరే. అదీ తిరకాసుగా: ఇక్కడ స్ఫటికంలో పరమాణువుల తలాలు ఎడంగా జరిగితే, అక్కడ మీ చుక్కలు దగ్గరికొస్తాయి.

మొన్న ల్యాబ్‌లో వంటింటి ఉప్పు నూరి పెట్టాం. స్ఫటికం ఒక్కటే అయితే, ఎవాల్డ్ గోళం (కిరణం ఎప్పుడొస్తుందో చూడ్డానికి మీ చుక్కల నడుమ గీసే ఊహాగోళం) మీ చుక్కను తాకేలా తిరిగి నిలబడితే తప్ప కిరణం రాదు. పొడి చేస్తే లక్షల గింజలు లక్ష దిక్కులకు తిరిగి ఉంటాయి, ఏదో ఒకదానికి దర్శనం దొరక్కపోదు. (కొండ మీద ఈ సౌకర్యం లేదు.) రాగి ఎక్స్-రేకి 31.7 డిగ్రీల దగ్గర పెద్ద పీక్ లేచింది. కోణం నుంచి తలాల ఎడం తేల్చే బ్రాగ్ సూత్రంలో వేస్తే 2.82 ఆంగ్‌స్ట్రాంలు (ఒక్కోటి సెంటీమీటరులో పది కోట్లో వంతు). కానీ ఉప్పు యూనిట్ సెల్ (స్ఫటికమంతా పేర్చిన ఇటుక) అంచు 5.64! దాని పీక్ 15.7 దగ్గర ఉండాలి, ఆబ్సెంట్. రెండు తలాల నడుమ అచ్చం అలాంటిదే ఇంకో తలం ఉందట, దాని తరంగం అర అడుగు, అదే, అర తరంగం వెనకబడి మొదటిదాన్ని చెరిపేస్తుందట. వచ్చినవాళ్ళకే కాదు, రానివాళ్ళకీ లెక్క చెప్పాలి మీ దగ్గర.

1912లో ఫ్రీడ్రిష్, క్నిప్పింగ్ మీ మచ్చల్ని మొదట ఫొటో తీసింది మైలుతుత్తంతో. నోబెల్ ఆ ఆలోచన ఇచ్చిన లౌయేకి వెళ్ళింది. చిత్తూరు దగ్గర మా తాత ఏటా మామిడి చెట్లకు అదే మైలుతుత్తం సున్నంలో కలిపి కొట్టాడు. మచ్చలు ఆయనకూ పడ్డాయి, పంచె మీద.

ధనుర్మాసంలో మా అమ్మ గడప ముందు పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు సందు చుక్క పెడుతోంది. "దీని వ్యుత్క్రమం కూడా ఇట్లాంటి ముగ్గేనమ్మా, కాకపోతే 30 డిగ్రీలు తిరిగుంటుంది" అన్నాను.

"తిప్పేది తర్వాత చూద్దువు గానీ, పేడనీళ్ళు ఆరిపోతా ఉండాయి, ఆ పిండి ఇట్లా ఇయ్యి" అంది.

ఇట్లు,
శుక్రవారం మళ్ళీ వైవా ఉన్నవాడు