అది యాంటెన్నా కాదు బావా, స్పాంజే (ఒక్క విషయంలో మాత్రం నువ్వే రైటు)

మళ్ళీ వచ్చింది. ఈ నెలలో నాలుగోసారి. మొదట ఇంటర్ బ్యాచ్ గ్రూపులో, తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆ తర్వాత మా కాలేజీ స్టాఫ్ గ్రూపులో (అందులో సగం మంది సైన్స్ లెక్చరర్లే, అదీ నా బాధ), నిన్న రాత్రి పదకొండున్నరకి మా బావ పర్సనల్‌గా పంపించి కింద "నీది జువాలజీయే కదా, దీనికేమంటావ్" అని ఒక నవ్వు బొమ్మ పెట్టాడు. అడిగావుగా బావా, ఇక చదువు.

ఆ మెసేజ్ ఇంకా చూడని అదృష్టవంతుల కోసం: "అంటార్కిటికా మంచు కింద నాసా దాచిన నిజం" అని హెడ్డింగు. కింద ఒక బ్లాక్ అండ్ వైట్ ఫోటో. సముద్రం అడుగున బురదలో నిలబడ్డ కర్ర, దానికి అడ్డంగా పుల్లలు, పుల్లల చివర గుండీల్లాంటివి. మన చిన్నప్పుడు డాబాల మీద దూరదర్శన్ కోసం తిప్పిన యాంటెన్నాలా ఉంటుంది, కాదనను. దాని కింద ఆరు పాయింట్లు. ఒకటి, ఇది ఏలియన్స్ పెట్టింది, అందుకే ఫోటో దాచారు. రెండు, ప్రకృతిలో తొంభై డిగ్రీల కోణాలు ఉండవు. మూడు, స్పాంజ్ అంటే చిల్లులతో మెత్తగా ఉండాలి, ఇది స్పాంజ్ ఎలా అవుతుంది. నాలుగు, మంచు కింద జీవం ఉండదన్న సైన్సే 2021లో అక్కడ జీవం దొరికిందంది, కాబట్టి సైన్స్ చెప్పేదంతా అబద్ధం. ఐదు, అక్కడి స్పాంజ్‌లు 15,000 ఏళ్లు బతుకుతాయట, ఎవడు చూశాడు. ఆరు, ఫోటో చూస్తే చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది, ఫోన్‌లో యాప్‌కి చూపించినా యాంటెన్నా అనే చెప్తుంది, ఒక్క ముక్క కూడా పైకి తియ్యకుండా శాస్త్రవేత్తలు స్పాంజ్ అని దబాయించారు. చివర మామూలే, పది మందికి పంపండి.

దాచడం సంగతి ముందు. ఫోటో తీసింది ఎల్టానిన్ అనే ఓడ, అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అంటార్కిటిక్ పరిశోధనల కోసం తిరిగేది, నాసాకి ఇందులో పనే లేదు. తేదీ 1964 ఆగస్టు 29, చోటు దక్షిణ అమెరికా కింది కొన కేప్ హార్న్‌కి పడమరగా దక్షిణ మహాసముద్రం, లోతు 3,904 మీటర్లు. అదే ఏడాది డిసెంబర్‌లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పేపర్లో ఆ ఫోటో అచ్చయింది. పేపర్లో వేసి దాచడం ఏ రకం దాచడమో నాకైతే తెలీదు.

తొంభై డిగ్రీలు. వంటింట్లోకెళ్ళి కల్లుప్పు ఒక రవ్వ తీసి భూతద్దం కింద చూడు. అయిపోయింది. ఇంకా కావాలంటే, స్పాంజ్ అంటే నీళ్ళలో ఒకచోట అతుక్కుని బతికే జంతువు, వాటిలో గాజు స్పాంజ్‌లని ఒక క్లాసే (వర్గీకరణలో ఒక పెద్ద గుంపు) ఉంది, హెక్సాక్టినెల్లిడా అని, వాటి ఒంట్లో ఉండే గాజు సూదులకి మూడు అక్షాలు ఆరు చేతులు, ఒక్కో అక్షం మిగతా రెండింటికీ సరిగ్గా తొంభై. ఆ క్లాసుకి పేరు పెట్టిందే ఆ ఆరు చేతుల్ని చూసి.

మూడోది కొంచెం ఓపిగ్గా చెప్తా, ఎందుకంటే తప్పు మన పుస్తకాల్లో కూడా ఉంది. నీ సింక్ దగ్గరున్న స్పాంజ్ ఫ్యాక్టరీలో చేసిన ప్లాస్టిక్, దాన్ని వదిలెయ్. అసలు ఒళ్ళు రుద్దుకునే నిజం స్పాంజ్‌లో కూడా సూదులుండవు, వట్టి స్పాంజిన్ పీచే, అందుకే మెత్తగా ఉంటుంది, స్పాంజ్ లోకంలో అదే వింత కేసు, మనం మాత్రం దాన్నే నమూనా అనుకుంటాం. ఇక ఇంటర్‌లో పొరిఫెరా, అంటే స్పాంజ్‌ల పాఠం, చెప్పేటప్పుడు నేనూ చెప్తా, చిల్లుల్లోంచి నీళ్ళు లాక్కుని వడకట్టుకుని తింటుంది అని. మామూలుగా రైటే. కానీ 1995లో వాసెలే, బూరీ ఎస్నో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మధ్యధరా సముద్రపు గుహలో దొరికిన ఒక స్పాంజ్ వడకట్టుకోవడం మానేసి చిన్న చిన్న రొయ్యజాతి జీవుల్ని పట్టుకుని తింటోందని చూపించారు. క్లాడోరైజిడే అనే కుటుంబం అది, ఎక్కువ సభ్యులు లోతు నీళ్ళలో, ఆర్కిటిక్‌లో ఉన్నాయి, అంటార్కిటిక్‌లో ఉన్నాయి. తిండి అంతంతమాత్రంగా ఉండే చోట రోజంతా నీళ్ళు తోడుకుంటూ కూర్చుంటే ఖర్చెక్కువ రాబడి తక్కువ. అందుకని ఒళ్ళంతా కొక్కేల్లాంటి గాజు సూదులు, పిల్లల బూట్ల వెల్క్రో లాగా, తగిలిన జీవి అక్కడే చిక్కుతుంది, తర్వాత స్పాంజ్ కణాలే కదిలొచ్చి దాన్ని కప్పేసి అరిగించుకుంటాయి. దీనికి నోరు లేదు, కడుపు లేదు. అందులో కాండ్రోక్లాడియా అనే జీనస్ (కుటుంబంలో దగ్గరి చుట్టాల గుంపు) మాత్రం నీళ్ళ గొట్టాల్ని పూర్తిగా వదల్లేదు, వాటితో కొమ్మల చివర బుడగలు ఉబ్బించుకుంటుంది. నువ్వు పంపిన ఫోటోలో పుల్లల చివర గుండీలు చూశావే, అవి. కాలిఫోర్నియా దగ్గర దొరికి 2012లో పేరు పెట్టించుకున్న దీని చుట్టం ఒకటుంది, వీణ తీగల్లా వరసగా నిలువు పుల్లలు, అది మీ యాంటెన్నా కన్నా యాంటెన్నాలా ఉంటుంది, దాని మీద ఇంకా ఫార్వర్డ్ ఎందుకు రాలేదో.

ఇంకో మాట, ఇలాంటి స్పాంజ్ బొమ్మ అలెగ్జాండర్ అగాసిజ్ అనే సముద్ర పరిశోధకుడు 1888లోనే పుస్తకంలో వేశాడు, పొడుగు కాడ, బురదలో దిగిన వేళ్ళు, కణుపుల దగ్గర గదల్లాంటి కొమ్మలు, సముద్రం అడుగున పొదల్లా చాలా మేర పరుచుకుని ఉంటాయని కూడా రాశాడు. ఫోటో కంటే 76 ఏళ్ళ ముందు. ఏలియన్స్ అన్ని వందల యాంటెన్నాలు బురదలో పాతి ఏ చానల్ చూస్తున్నారో.

నాలుగు: అంటార్కిటికాలో ఫిల్ష్‌నర్ రోన్ అనే మంచుపలకకి శాస్త్రవేత్తలు 900 మీటర్ల బొరియ పెట్టారు, అడుగు మట్టి కోసం వెళ్ళిన కెమెరా రాయికి తగిలింది, రాయి మీద స్పాంజ్‌లున్నాయి, బయటి సముద్రానికి 260 కిలోమీటర్ల లోపల. ఆశ్చర్యం నిజమే. ఆశ్చర్యపడ్డామని వాళ్ళే రాసుకుంటే అదే నేరం అయిపోయింది. ఆ రాయి దగ్గరికి మళ్ళీ వస్తా, దానితో పనుంది.

ఐదు. ఇక్కడ నేను కూడా కొంచెం తలొంచుకోవాలి, ఎందుకంటే ఈ 15,000 అంకె నేను క్లాసులో రెండు మూడేళ్ళు గొప్పగా చెప్పాను. అంటార్కిటికా పక్కనున్న రాస్ సముద్రంలో అనాక్సీకేలిక్స్ జూబినీ అనే గాజు స్పాంజ్, మనిషి కన్నా ఎత్తు పెరుగుతుంది, దాని ఆక్సిజన్ వాడకాన్ని బట్టి ఎంత నెమ్మదిగా పెరుగుతుందో లెక్క కడితే వచ్చిన అంకె అది. కాయితం మీద లెక్క. కానీ పదిహేను వేల ఏళ్ళ క్రితం అక్కడి సముద్రం అడుగు చాలావరకు మంచుపలక బరువు కింద నలుగుతోంది, అక్కడ స్పాంజ్ ఏం కూర్చుంటుంది? పైగా 1995లో అంటార్కిటికాలోనే లార్సెన్-ఏ అనే మంచుపలక విరిగిపోయాక ఆ కింద చూస్తే, 2007 నుంచి 2011 లోపు నాలుగేళ్ళలో గాజు స్పాంజ్‌ల సంఖ్య మూడింతలు, బరువు రెండింతలు అయింది. తిండి దొరికితే గబగబా పెరుగుతాయన్నమాట. కాబట్టి ఎవడు చూశాడు అన్న నీ ప్రశ్న మంచిదే, మెసేజ్ రాసినవాడు దానికి జవాబు వెతక్కుండా ఏలియన్ దగ్గరికి పరిగెత్తాడు, అంతే తేడా.

ఇప్పుడు ఆరోది. అసలు నాకు ఒళ్ళు మండింది దీనికే. ఫోటో చూస్తే తెలుస్తుందట. యాప్ చెప్పిందట!

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నేను భీమిలి దగ్గర ఆటు వేళ రాళ్ళ మీద స్పాంజ్‌లు కోసుకొచ్చేవాణ్ణి. ఒకసారి నారింజ రంగువి రెండు, ముదురు ఊదాది ఒకటి తెచ్చి, నారింజవి రెండూ ఒకే స్పీషీస్ (జాతి), ఊదాది వేరేది అని లేబుళ్ళు రాసేశాను. మా మేడమ్ చూసి ఏమీ అనలేదు, బ్లీచింగ్ ద్రావణం సీసా నా ముందు పెట్టి వెళ్ళిపోయారు. వేలి గోరంత ముక్క అందులో వేస్తే మాంసం అంతా కరిగిపోయి అడుగున తెల్లటి పొడి మిగులుతుంది, అదే సూదులు, స్పిక్యూల్స్. కడిగి, ఆల్కహాల్‌లో ఇంకోసారి కడిగి, స్లైడ్ మీద వేసి చూస్తే నారింజ ఒకటీ ఊదాదీ ఒకటే, రెండో నారింజకి వాటితో సంబంధమే లేదు. నెల రోజుల లేబుళ్ళు చించేశా. ఆల్కహాల్ సీసాలో పెట్టిన వారానికి మూడూ ఒకే మురికి రంగుకొచ్చాయి, అది వేరే అవమానం.

స్పాంజ్ ఐడెంటిఫికేషన్ అంటే ఇదీ పని. పై తోలు నుంచి ఒక ముక్క, లోపల్నుంచి ఒక ముక్క, రెండింట్లో సూదులు వేరుగా ఉండొచ్చు కాబట్టి. పెద్ద సూదులు ఏ ఆకారం, రెండు కొనలూ మొనదేలాయా, ఒకటి గుండ్రమా, చిన్నవి ఉన్నాయా, కొక్కేలా నక్షత్రాలా, ఒక్కో రకంలో ఇరవై ముప్పై కొలవాలి, అవి ఒంట్లో ఎలా పేర్చి ఉన్నాయో కోసి చూడాలి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ దొరికితే దాని కింద పెట్టాలి. సున్నపు సూదుల స్పాంజ్ అని తెలీక యాసిడ్ పోస్తే స్లైడ్ మీద ఏమీ మిగలదు, పొద్దుటి నుంచి చేసిన పని గోవిందా. అంటార్కిటికాలో ఇంకో తలనొప్పి, చచ్చిన స్పాంజ్‌ల సూదులు అడుగున చాపలా పరుచుకుని ఉంటాయి, అవి బతికున్న స్పాంజ్‌లో దూరతాయి, ఏది సొంతం ఏది పక్కింటిదో తేల్చుకోవాలి. డీఎన్ఏ ఉందిగా అంటావు, ఉంది, కానీ పాత సీసాలు ఫార్మలిన్‌లో ఉంటే డీఎన్ఏ దొరకడం గగనం, దొరికినా స్పాంజ్‌ల మైటోకాండ్రియా జీన్లు నత్త నడకన మారతాయి, పక్క పక్క స్పీషీస్‌ని ఒక్కోసారి విడదీయలేవు. అంత చేశాక కూడా పొరపాట్లు దశాబ్దాలు నిలబడతాయి. ఆర్కిటిక్‌లో జియోడియా పార్వా అని తెల్లటి బొద్దు స్పాంజ్ ఉంది, 1885లో పేరు పెట్టారు, తర్వాత వచ్చినవాళ్ళు "కాదు, ఇది జియోడియా ఫ్లెగ్రై అనే ఇంకో స్పాంజ్‌కి చలిప్రాంతపు రూపం" అని కలిపేశారు, 2013లో సూదులూ డీఎన్ఏ రెండూ పక్కపక్కన పెట్టి చూసి మళ్ళీ విడదీశారు. మైక్రోస్కోప్ ముందు కూర్చున్నవాళ్ళకే ఇంత పట్టింది. నీ యాప్ మొన్న మా పెరట్లో బీరపాదుని దోసపాదు అంది బావా.

అందుకే ఇందాకటి రాయి. 900 మీటర్ల మంచు కింద కనబడ్డవాటికి వాళ్ళు స్పీషీస్ పేరు పెట్టలేదు. ముక్క చేతికి రాలేదు కాబట్టి కాడ ఉన్న స్పాంజ్ ఇది, కాడ లేనిది ఇది అని రాసి ఊరుకున్నారు. నాకు ఆ పేపర్లో బాగా నచ్చింది అదే.

ఇక ఇక్కడికొచ్చాక నేను నా మాటకి కట్టుబడాలి కదా. కట్టుబడితే నీ ఆరో పాయింట్‌లో చివరి వాక్యం, "ఒక్క ముక్క కూడా పైకి తియ్యకుండా" అన్నది, నిజం. ఎల్టానిన్ కెమెరా ఫోటో తీసింది, ఆ స్పాంజ్‌ని ఎవరూ పైకి తేలేదు. 1971లో హీజెన్, హాలిస్టర్ అనే ఇద్దరు సముద్రశాస్త్రవేత్తలు తమ పుస్తకంలో ఇది ఫలానా స్పాంజ్ అని చెప్పింది ఫోటో చూసే. కుటుంబం వరకూ నాకు అనుమానం లేదు, కాండ్రోక్లాడియా అన్నదాకా కూడా సరే, ఆ కాడ ఆ బుడగలు ఇంకెవరికీ లేవు. కానీ అందరూ ఇప్పుడు రాసే పూర్తి పేరు కాండ్రోక్లాడియా కాంక్రెసెన్స్ ఉంది చూడు, అది 1880లో ఆస్కర్ ష్మిట్ అనే జర్మన్ జువాలజిస్టు మెక్సికో గల్ఫ్, కరీబియన్ స్పాంజ్‌ల మీద రాసినప్పుడు పెట్టిన పేరు. అక్కడెక్కడో వెచ్చటి సముద్రం అడుగున దొరికినదాని పేరు, వేరే మహాసముద్రంలో, చలిలో, ఒక్క సూది కూడా చూడకుండా ఫోటోకి తగిలించడం నాకు మింగుడు పడదు. నా స్టూడెంట్ అలా రాస్తే మార్కులు కోస్తా. నేనైతే ఆ లేబుల్ మీద "కాండ్రోక్లాడియా, స్పీషీస్ తేలలేదు" అని రాసేవాణ్ణి.

కాబట్టి బావా, నువ్వు సంతోషించు, ఆరింట్లో ఒక పాయింట్‌లో అరముక్క నెగ్గావు. మిగతా అయిదున్నరకీ ఒకటే షరతు. 3,904 మీటర్లు దిగి గోరంత ముక్క తే, బ్లీచ్ నేనే కొంటా. స్లైడ్ మీద కొక్కేలు కనబడితే గ్రూపులన్నింట్లో సారీ చెప్పాలి, నట్లూ బోల్టులూ కనబడితే మెసేజ్ పది మందికి నేనే పంపుతా.