మ్యాప్ అమ్మగారికి ఒక శ్రోత రాయు ఉత్తరం

మహారాజశ్రీ మ్యాప్ అమ్మగారికి నమస్కారాలు.

నిన్న సాయంత్రం బెంగళూరులో సిల్క్ బోర్డు దాటాక, కారులో మేము ఆడియో పుస్తకం వింటుంటే, ఫోన్‌లోంచి దారి చెబుతూ తమరు చేసిన ఘనకార్యం వల్ల ఈ ఉత్తరం రాయాల్సి వస్తోంది.

తమరు అడ్డుపడింది దేనికో ముందు మనవి చేసుకుంటాను. లెమొనీ స్నికెట్ పేరుతో 1999లో మొదలై 2006లో ముగిసిన 13 పుస్తకాల వరసలో మూడోది, ‘ది వైడ్ విండో’. ఇల్లు తగలబడి అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న ముగ్గురు పిల్లలు, వాళ్ల ఆస్తి కోసం వేషాలు మార్చి వెంటపడే కౌంట్ ఓలాఫ్. “చిన్నపిల్లకి ఇలాంటి కథలా?” అని మా ఆడపడుచు మొహం చిట్లించింది. చందమామలో భేతాళ కథలు చదివి పెరిగిన మనిషే! భుజాన శవం, ముందు శ్మశానం, చెవిలో కథ. పాపం ఆ విక్రమార్కుడి అదృష్టమేంటంటే, కథ మధ్యలో ఆయనకెవరూ దారి చెప్పలేదు.

ఈ మూడో పుస్తకంలో ఆ పిల్లల్ని చేరదీసిన జోసెఫిన్ అత్తయ్య ఉంటుంది. టెలిఫోన్ ముట్టుకుంటే షాక్ కొడుతుందని భయం. తలుపు పిడి పేలిపోయి ముక్క కంట్లో పడుతుందని భయం. ఉండేదేమో సరస్సు మీదికి వేలాడే ఇంట్లో. వ్యాకరణమంటే ప్రాణం. అలాంటావిడ చివరగా రాసి వదిలిన చీటీ నిండా వ్యాకరణ తప్పులు! బయట తుఫాను. ఆ ముగ్గురు పిల్లల్లో ఒకడైన క్లౌస్ ఆ తప్పులు పట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్నాడు. వెనక సీట్లో మా అమ్మాయి చిప్స్ ప్యాకెట్‌లో పెట్టిన చెయ్యి అలాగే ఉంచేసింది. అక్షరాలన్నీ కలిశాయి. ఆ మాట ఏంటంటే...

“300 మీటర్లలో ఎడమ పక్కకి ఉండండి.”

ఎక్కడికి జరగమంటావు తల్లీ? ఎడమన నీళ్ల ట్యాంకరు, కుడిన డివైడరు, ముందు బస్సు. ఔటర్ రింగ్ రోడ్డులో ఆ వేళకి 300 మీటర్లంటే ఒక అధ్యాయం.

కథని వెనక్కి జరిపాను. మళ్లీ తుఫాను, మళ్లీ అక్షరాలు. “ఇంకో దారిలో వెళ్తే రెండు నిమిషాలు కలిసొస్తుంది” అన్నారు తమరు. మళ్లీ జరిపాను. ఈసారి మేము ఫ్లైఓవర్ మీదున్నామో కిందున్నామో తమరికే తేలక, కొత్త దారి వెతకడం మొదలుపెట్టారు. “అమ్మా, ఏం మాటమ్మా అది?” అంటుంది పిల్ల. ఏమో నాన్నా, ఆవిణ్ణే అడుగు! మేము తేరుకునేసరికి ఆ ఇల్లు కాస్తా సరస్సులోకి కూలిపోతోంది.

తమరు నోరు తెరిస్తే కథ ఆగదు కదా, గొంతు తగ్గించుకుని లోపల్లోపల నడిచిపోతుంది. పాటయితే పోనీ, పల్లవి మళ్లీ వస్తుంది. ఇది పెళ్లిలో సరిగ్గా మంగళసూత్రం కట్టేవేళకి “గేటు ముందున్న తెల్లకారు ఎవరిదండీ” అని మైకులో అరిచినట్టుంది.

దేవరబీసనహళ్లిని తమరు పలికే తీరు గురించి నేనేమీ అనను. కన్నడంవాళ్లే చూసుకుంటారు.

కానీ ఒక్కటి అర్థం చేసుకోండి. ఇలాంటి కథల్లో ప్రాణమంతా చదివే గొంతులో ఉంటుంది. ఎంత ఘోరమైనా మామూలుగా చెప్పి, ఒక్క క్షణం ఆగి, ఇంకా మామూలుగా ఇంకో మాట అనాలి. మొదటి రెండు పుస్తకాలు నటుడు టిమ్ కర్రీ చదివాడు. ఓలాఫ్ మాట్లాడితే మా పిల్ల దుప్పటి లాక్కుంటూ నవ్వేది. మూడు, నాలుగు, ఐదు మాత్రం రచయితే, అంటే అసలు పేరు డేనియల్ హ్యాండ్లర్ అన్నాయన, స్వయంగా చదివాడు. ఆరు నుంచి మళ్లీ కర్రీయే. ఎవరు చదివినా ఆ ఆగడం ఉంటుంది. తమరు దాన్ని ఖాళీ సీటనుకుని వచ్చి కూర్చుంటారు. ఖాళీ కాదండీ! నవ్వు వచ్చేదే అక్కడ!

మ్యూట్ చేసుకోవచ్చుగా అంటారు. చేశాను. మారతహళ్లి దగ్గర సర్వీసు రోడ్డులోకి దిగే సందు దాటిపోయింది. యూటర్న్ కోసం ఎంత దూరం పోయామో తమరి దగ్గర లెక్క ఉండే ఉంటుంది. తమరు లేకపోతే ఇల్లు చేరలేం, అదీ నా ఖర్మ.

రేపటి నుంచి నాలుగోది. కలప మిల్లు కథ. చెప్పాల్సినవన్నీ అగర దాటేలోపు చెప్పేసుకో. అక్కడ రంపం తిరగడం మొదలయ్యాక నీ నోట్లోంచి ఒక్క మీటరు లెక్క వినిపించిందా, ఫోన్ తీసి పక్కనున్న ట్యాంకరులోకి విసిరేస్తాను.