ఎడారి ఎండ పగలొస్తుంది.. హైదరాబాద్ ఏసీ రాత్రి తిరుగుతుంది

మే నెలలో మధ్యాహ్నం పన్నెండింటికి మా అపార్ట్‌మెంట్ టెర్రస్ ఎక్కితే చెప్పులు వేసుకున్నా కాళ్లు చురుక్కుమంటాయి. అక్కడున్న సోలార్ ప్లేట్లు ఆ వేళకి మోటారుకి, లిఫ్టుకి ఇవ్వగా మిగిలిన కరెంటుని వీధి లైనులోకి తోసేస్తుంటాయి. అదే రోజు రాత్రి పదింటికి వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ‘టప్’మని చప్పుడు. ఫ్యూజు పోయింది. లైన్‌మన్ వచ్చి తీగ వేసి వెళ్లిన అరగంటకి మళ్లీ టప్. అన్ని ఫ్లాట్లలో ఏసీలు ఒకేసారి ఆన్ అయ్యే టైమ్ అది. పగలు వద్దన్నా వచ్చిపడే కరెంటు, రాత్రి బతిమాలినా నిలవడం లేదు.

మా టెర్రస్ గొడవే, కాస్త పెద్దది చేసి చూస్తే, రాజస్థాన్ ఎడారిలో జరుగుతోంది. అక్కడి కరెంటు తెలుగు రాష్ట్రాల లెక్కల్లోకి ఎప్పుడో వచ్చేసింది. బికనేర్ జిల్లా నోఖ్రాలో ఎన్‌టీపీసీ కట్టిన 300 మెగావాట్ల సోలార్ ప్లాంటు కరెంటు తెలంగాణ కోసమే. ఆంధ్రప్రదేశ్ డిస్కంలైతే, అంటే ఇళ్లకి కరెంటు పంచే కంపెనీలు, 2021 డిసెంబరులో కేంద్ర సౌర విద్యుత్ సంస్థ సెకీతో ఏకంగా 7,000 మెగావాట్లకి ఒప్పందం చేసుకున్నాయి. రాజస్థాన్‌లో పుట్టే కరెంటు, యూనిట్ 2.49 రూపాయలు, 25 ఏళ్లు. దాని చుట్టూ తర్వాత లేచిన ఆరోపణలు, కేసులు వేరే కథ. అవి తేల్చాల్సిన చోట తేలతాయి. వాటిని పక్కనపెట్టినా నాకో అనుమానం మిగిలే ఉంటుంది. 2.49 చౌకా కాదా అని అందరూ కొట్టుకున్నారు గానీ, అది ఏ గంటలో వచ్చే యూనిట్ అని అడిగినవాళ్లు తక్కువ.

చౌక అన్న మాట అబద్ధం కాదు. జోధ్‌పుర్ దాటాక ఫలోదీ దగ్గర భడ్లా అని ఒక ఊరు. సుమారు 14 వేల ఎకరాల్లో 2,245 మెగావాట్ల సోలార్ పార్కు అక్కడుంది. 2017 మేలో అక్కడి వేలంలో యూనిట్ 2.44 రూపాయలకి పడిపోయినప్పుడు దేశమంతా నోరెళ్లబెట్టింది. 2020 నవంబరుకి రాజస్థాన్ ప్రాజెక్టుల వేలం 2 రూపాయల దాకా వచ్చింది. భూమి చవక, మబ్బు పట్టే రోజులు తక్కువ, ప్లేట్ల రేట్లు దిగొచ్చాయి.

అయితే ఎడారిలో ఎండ ఎక్కువ కాబట్టి కరెంటూ అంతే ఎక్కువ అనుకుంటే పొరపాటు. ప్లేటుకి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. ప్లేటు వేడి 25 డిగ్రీలు దాటిన దగ్గర్నుంచి ప్రతి డిగ్రీకీ దాని సత్తా 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. అలాంటి మధ్యాహ్నం గాజు కింద 65 డిగ్రీలు ఉంటే పన్నెండు నుంచి పదహారు శాతం అక్కడే ఆవిరి. ఆపై దుమ్ము. మా పెద్దమ్మ కొడుకు జగిత్యాల నుంచి వెళ్లి గల్ఫ్‌లో రెండేళ్లు సోలార్ ప్లాంటులో పనిచేసి వచ్చాడు. ‘అన్నా, పొద్దున తుడిస్తే సాయంత్రానికి వేలితోని పేరు రాయొచ్చు’ అంటాడు. నీళ్లు పోసి కడగాలంటే ఎడారిలో నీళ్లేవి? అందుకే భడ్లాలో రాత్రిళ్లు ప్లేట్ల వరసల మీద చిన్న రోబోలు పాకుతూ బ్రష్షుతో దుమ్ము దులుపుతాయి. ఇవన్నీ పోగా మిగిలింది కూడా మన దగ్గరికంటే ఎక్కువే, ఒప్పుకోవాలి.

కానీ ఆ మిగిలింది హైదరాబాద్ దాకా రావాలి. మ్యాపు మీద గీత గీసినా 1,300 కిలోమీటర్లు. 2013 డిసెంబరు 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ దేశం గ్రిడ్‌తో కలిసింది కాబట్టి ఇది సాధ్యమైంది. అయితే చౌక రేటుకి అసలు ప్రాణం పోసింది కేంద్రం ఇచ్చిన మినహాయింపు. 2025 జూన్ 30లోపు మొదలైన సోలార్, విండ్ ప్రాజెక్టుల కరెంటుకి అంతర్రాష్ట్ర లైన్ల చార్జీ లేదు. ఆ తర్వాత వచ్చే వాటికి ఏటా పావు వంతు చొప్పున పెంచుతూ పూర్తి చార్జీ పడుతుంది. ఈ ఒక్క నిబంధన తెలియకపోతే అనంతపురంలో ఎండ పెట్టుకుని జైసల్మేర్ ఎండ ఎందుకు కొన్నామో అర్థం కాదు. బొమ్మనహాళ్ మండలం దర్గా హొన్నూరులో ఇసుక దిబ్బలు పొలాల్లోకి పాకుతున్నాయి, మనకీ చిన్న ఎడారి ఉంది. పాణ్యం దగ్గర 1,000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కు 2017 నుంచే నడుస్తోంది. మోసుకొచ్చే ఖర్చు సున్నా అని రాసిపెట్టిన రోజున దూరం లెక్కలోంచి ఎగిరిపోయింది. నిజానికి ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు, దేశంలోని మిగతా కరెంటు వాడకందార్ల మీద పడింది.

ఆ లైన్లు కూడా సరిపోలేదు. సోలార్ ప్లాంటు ఏడాదిన్నర, రెండేళ్లలో లేస్తుంది. దూరాలకి కరెంటు మోసే 765 కేవీ పెద్ద లైనుకి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. మధ్యలో టవర్ స్థలం గొడవలు, కోర్టులు. 2025లో రాజస్థాన్‌లో ప్లాంట్లు పూర్తయి కూడా లైను దొరక్క నడి మధ్యాహ్నం వేల మెగావాట్లు ఆపుకోవాల్సి వచ్చింది. వంట సిద్ధం, వడ్డించడానికి విస్తరాకు లేదు.

లైన్లు ఆలస్యమవడానికి ఒక పిట్టని అందరూ నిందిస్తారు. బట్టమేక పిట్ట. అడవిలో మిగిలినవి నూటయాభైకి మించవు, అవీ ఎక్కువ భాగం జైసల్మేర్ చుట్టుపక్కలే. బరువైన పక్షి, ఎదురుగా ఉన్నది సరిగా చూడలేదు, తీగ దగ్గరికి వచ్చాక తప్పుకోలేదు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాదాపు 99 వేల చదరపు కిలోమీటర్లలో కరెంటు తీగలు భూమిలో వేయమంది. 2024 మార్చిలో ఆ ఉత్తర్వుని సడలించి, 13 వేల పైచిలుకు చదరపు కిలోమీటర్ల ముఖ్య ప్రాంతానికి కుదించి నిపుణుల కమిటీకి అప్పగించింది. కంపెనీలు ఊపిరి పీల్చుకున్నాయి. పాత కర్నూలు జిల్లావాళ్లకి ఈ పిట్టని పరిచయం చేయక్కర్లేదు. నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు అభయారణ్యం దీనికోసమే పెట్టారు. ఇప్పుడక్కడ అది కనిపించడమే గగనం. చుట్టూ పొలాలు మారాయి, నీళ్లొచ్చాయి, గడ్డి పోయింది. ఒక చోట పోగొట్టుకున్నవాళ్లం మనం. రెండో చోట కూడా పోతే అందులో మన కరెంటు కొనుగోలు ఒప్పందానికీ కాస్త వాటా ఉంటుంది.

పిట్ట కంటే నన్ను ఎక్కువగా పట్టుకున్నది చెట్టు. రాజస్థాన్‌లో ఖేజ్డీ అంటారు, సోలార్ పార్కుల కోసం వాటిని కొట్టేస్తున్నారని బికనేర్ వైపు బిష్ణోయిలు ధర్నాలు చేస్తున్నారు. 1730లో జోధ్‌పుర్ రాజు మనుషులు ఆ చెట్లు నరకబోతే 363 మంది వాటిని కావలించుకుని ప్రాణాలిచ్చిన జాతి వాళ్లది. ఈ ఖేజ్డీ ఏంటా అని వెతికితే, మన జమ్మి. రాజస్థాన్‌కీ, తెలంగాణకీ రాష్ట్ర వృక్షం ఒక్కటే. దసరా సాయంత్రం పాలపిట్టని చూసి, జమ్మికి మొక్కి, ఆకుని బంగారమని పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లకి దండం పెట్టుకుంటాం. ఇంటికొచ్చి ఏసీ వేసుకుంటాం.

ఇక మార్కెట్ సంగతి. డిస్కంలు కరెంటు కొని, అమ్ముకునే ఎక్స్ఛేంజీలో రోజుకి 96 రేట్లు, పావుగంటకి ఒకటి. ఓసారి ఆ పట్టిక తెరిచి చూడండి. 2025 మే చివర్లో ఒక ఆదివారం పగటిపూట, అప్పటికప్పుడు కొనుక్కునే రియల్ టైమ్ మార్కెట్‌లో యూనిట్ ధర సున్నాకి దిగింది. వానలు, సెలవు రోజు, వాడకం లేదు, సోలార్ మాత్రం ఫుల్లు. ఎండలు ముదిరిన రోజుల్లో చీకటి పడ్డాక అదే యూనిట్, కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి (సీఈఆర్‌సీ) ఇంతకి మించొద్దని గీసిన పది రూపాయల గీతని తాకిన సందర్భాలు లెక్కలేనన్ని. ఈ పది కూడా గీత ఉంది కాబట్టి పది. ఎక్స్ఛేంజీలన్నిటి బిడ్లని ఒకచోట కలిపి ఒకే ధర తేల్చాలని సీఈఆర్‌సీ 2025 జులైలో చెప్పింది, దాని మీద షేర్ మార్కెట్‌లో పెద్ద గోలే జరిగింది. అది బ్రోకర్ల టెన్షన్. మన టెన్షన్ వేరు. పగటి యూనిట్‌కి విలువ ఇలా కరిగిపోతుంటే, 25 ఏళ్లకి ఒకే రేటు కట్టి ఆ యూనిట్‌నే కొన్న డిస్కం ఏం చేయాలి? 2.49కి తీసుకుని, అవసరం లేని రోజున అర్ధరూపాయికి అమ్ముకోవాలి. రాత్రికి పదిపెట్టి కొనుక్కోవాలి. ఆ తేడా సర్దుబాటు చార్జీల పేరుతో మన బిల్లులో అడుగున చిన్నక్షరాల్లో కూర్చుంటుంది.

ఎడారి దేశాలు ఈ పాఠం ముందే నేర్చుకున్నాయి. అబూ ధాబీలో 5.2 గిగావాట్ల (5,200 మెగావాట్ల) సోలార్‌కి 19 గిగావాట్ అవర్ల బ్యాటరీ జోడించి, రోజంతా నిలకడగా ఒక గిగావాట్ ఇచ్చే ప్రాజెక్టుని 2025 జనవరిలో ప్రకటించారు. ఒకటి ఇవ్వడానికి ఐదింతలు కడుతున్నారు! చమురు డబ్బున్నవాళ్లు కడతారులే అనుకోవచ్చు. కానీ మన దగ్గరా బ్యాటరీ రేట్లు పడిపోయాయి. 2022లో సెకీ వేలంలో మెగావాట్‌కి నెలకి 10.8 లక్షల రూపాయల అద్దె పలికిన బ్యాటరీ స్టోరేజీ, 2024 చివర్లో రాజస్థాన్ టెండర్‌లో 2.2 లక్షలకి వచ్చింది. అందులో కేంద్రం సాయం కలిసే ఉంది, షరతులూ ఒకటి కావు, అయినా దిశ తెలుస్తోంది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర విద్యుత్ అథారిటీ, ఇకపై సోలార్ టెండర్లలో కనీసం పదో వంతు సామర్థ్యానికి రెండు గంటల స్టోరేజీ పెట్టమని సలహా ఇచ్చింది. మనకి బ్యాటరీలే గతి కూడా కాదు. శ్రీశైలం ఎడమగట్టున ఆరు 150 మెగావాట్ల యూనిట్లున్నాయి, నీళ్లని వెనక్కి తోడగలవి. పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ఉంది. పగటి చౌక కరెంటుతో నీళ్లు పైకెత్తి రాత్రి కిందికి వదలడం అన్నమాట. ఎడారిలో అంత సులువుగా దొరకని సౌకర్యం ఇది.

మరి మన నియంత్రణ ఏం చేస్తోంది? ఈ సబ్జెక్టులో హైదరాబాద్ కొత్తది కాదు. 1998 చట్టంతో ఉమ్మడి రాష్ట్ర విద్యుత్ బోర్డుని ముక్కలు చేసి, దేశంలో తొలి రోజుల్లోనే రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఈఆర్‌సీ) పెట్టుకున్నాం. చార్జీల పెంపు మీద 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగాయి, ముగ్గురు పోయారు. అప్పటి నుంచి ఏ ప్రభుత్వానికైనా టారిఫ్ మీద చేయి వేయాలంటే వణుకు. దాని ఫలితం, రేటు ఎంత పెంచాలి అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే పాతికేళ్లుగా తిరుగుతున్నాం. 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఎండ ఉన్న గంటల్లో టారిఫ్ మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. మన తెలంగాణ 2024-25 టారిఫ్ ఉత్తర్వులో పరిశ్రమల్లాంటి పెద్ద వాడకందార్లకి రాయితీ ఏ వేళకి ఇచ్చారో చూస్తే నవ్వొస్తుంది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు యూనిట్‌కి రూపాయిన్నర తగ్గింపు. బొగ్గు ప్లాంట్లు రాత్రిళ్లు ఖాళీగా తిరిగే కాలంలో పుట్టిన లెక్క అది. జీడిమెట్లలో కొలిమి నడిపే ఆయన దాన్ని చూసి నైట్ షిఫ్టే పెట్టుకుంటాడు గానీ, మధ్యాహ్నం ఎందుకు నడుపుతాడు?

పరిశ్రమల కంటే పెద్ద మీట బోరు మోటార్ల దగ్గరుంది. తెలంగాణ డిమాండ్ 2025 మార్చి 20న 17,162 మెగావాట్లు తాకి అప్పటిదాకా ఉన్న రికార్డులన్నీ చెరిపేసింది. మే కాదు, మార్చి. యాసంగి వరికి నీళ్లు గట్టిగా కావాల్సిన రోజులు. ఆ మోటార్లలో ఎక్కువ భాగం పొద్దున తొమ్మిది నుంచి నాలుగింటి మధ్య తిరిగితే ఎడారి ఎండకి ఇక్కడే సరైన పని దొరుకుతుంది. ఆంధ్రాలో తొమ్మిది గంటల పగటి కరెంటు కోసమే సెకీ ఒప్పందం అని అప్పటి ప్రభుత్వం చెప్పుకుంది, ఆ మాటవరకు లాజిక్ ఉంది. తెలంగాణలో ఇది అంటేనే గొడవ. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు వస్తోంది, 2023 ఎన్నికల ముందు ‘మూడు గంటలా, ఇరవై నాలుగు గంటలా’ అని ఎంత రచ్చ జరిగిందో గుర్తుంది కదా. రైతు భయంలోనూ న్యాయముంది. రాత్రి రెండింటికి త్రీఫేజ్ వస్తే టార్చిలైటు పట్టుకుని పొలం గట్టు మీద నడిచిన మనుషులు ఇంకా ఉన్నారు, పాము కరిచి తిరిగి రానివాళ్ల ఇళ్లూ ఉన్నాయి. ఇరవై నాలుగు గంటలంటే వాళ్లకి పగలు నిద్రపోకుండా, రాత్రి లేవకుండా ఉండటం. పగటి కరెంటు కోత లేకుండా గ్యారంటీగా ఇస్తామని నమ్మించగలిగితే, కరెంటు రాగానే మోటారుని దానంతటదే ఆన్ చేసే ఆటో స్టార్టర్ తీసేయమని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. నమ్మించడమే కష్టం.

2030కల్లా 20 వేల మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్ అని 2025 జనవరిలో తెలంగాణ పాలసీ ప్రకటించింది. అంకె బాగుంది. అందులో ఎన్ని మెగావాట్లు సాయంత్రం ఆరు తర్వాత వస్తాయో విడిగా రాసి ఉంటే ఇంకా బాగుండేది.

ఏటా నవంబరు 30లోగా డిస్కంలు వచ్చే ఏడాది ఆదాయ, వ్యయాల లెక్క ఈఆర్‌సీకి ఇవ్వాలి. ఆ తర్వాత కల్యాణ్‌నగర్ జీటీఎస్ కాలనీలోని విద్యుత్ నియంత్రణ్ భవన్‌లో బహిరంగ విచారణ. రైతు సంఘాలవాళ్లు, పరిశ్రమలవాళ్లు, ఇద్దరు ముగ్గురు రిటైర్డ్ ఇంజినీర్లు, మధ్యలో టీ. ఆ లావుపాటి పుస్తకంలో నెలవారీ పట్టికలు బోలెడుంటాయి. ఈసారి నేను ముందు వెతికేది గంటల వారీ పట్టిక. ఎడారి నుంచి కొన్నది ఏ గంటలో వచ్చింది, ఏ గంటలో వృథాగా అమ్మేశాం, రాత్రి తొమ్మిదింటికి ఎంతకి కొన్నాం. అది లేకపోతే విచారణలో అడగడానికి కొద్ది నిమిషాల టైమ్ ఇస్తారు.